గ్లోవ్స్ పడని నర్సు

రిటైర్మెంట్ వయసు ముప్పై నాలుగు

ముప్పై నాలుగేళ్లవాడు రిటైరయ్యానని చెబితే జనం రెండు రకాలుగా చూస్తారు. క్రికెట్ ఆడేవాడేమో అని ఒకసారి, ఏదో తిని దొరికిపోయి ఉంటాడని ఇంకోసారి. నేను క్రికెట్ ఆడలేదు. తిన్న మాట మాత్రం నిజం. ఎనిమిది నెలల పాటు రోజూ పొద్దున ఒక గోలీ, చివర్లో రెండు.

హైదరాబాద్ పాతబస్తీలో, మొఘల్‌పురాలో ఒక చిన్న నర్సింగ్ హోంలో పదకొండేళ్లు ఇంజెక్షన్ గది, డ్రెస్సింగ్ గది నా చేతిలో ఉండేవి. నేను నర్సింగ్ చదివినవాడినే అయినా మీసమున్న మనిషిని సిస్టర్ అని పిలవలేక జనం కాంపౌండర్ అనేవారు. నా పేరు యాదగిరి. ఇప్పుడు ఒక నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. పాఠాలకు గ్లోవ్స్ అక్కర్లేదు.

అక్కడ చదివే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. పదకొండేళ్లలో నాకు దక్కిన ప్రమోషన్ ఫ్యాన్ కింది కుర్చీ ఒక్కటే. భయం గురించి రాస్తాను. నర్సు మొహం మీద భయం కనిపించకూడదని మీకు మొదటి ఏడే చెబుతారు. మంచిదే. కానీ కనిపించకుండా దాచిన భయం ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పరు.

మార్తమ్మ సిస్టర్ బెంచీ

నేను చేరినప్పుడు మా పెద్ద సిస్టర్ మార్తమ్మ. మనిషి పొట్టి, గొంతు పొడవు. ఇంజెక్షన్ గది బయట ఒక బెంచీ వేయించింది. ఏ ఇంజెక్షన్ చేసుకున్నా సరే, అరగంట ఆ బెంచీ మీద కూర్చోవాలి. జనం ఊరికే కూర్చుంటారా? అందుకని డాక్టర్ రాసిన చీటీ తన కోటు జేబులో పెట్టుకునేది. అరగంటయ్యాకే తిరిగిచ్చేది. చీటీ లేకపోతే మందుల షాపులో మందివ్వరు కనుక చచ్చినట్టు కూర్చునేవారు.

"సిస్టర్, బండి రోడ్డు మీద పెట్టొచ్చిన. టెస్ట్ డోస్ గిట్ల చూసిండ్రు కద, ఇంకేంది?" అని రోజూ ఎవరో ఒకరు లొల్లి పెట్టేవారు.

"బండి పోతే ఇంకోటి కొనుక్కుంటవ్. కూసో" అనేది.

చేరిన మొదటి ఏడే ఆ బెంచీ విలువ తెలిసింది. గాజులకు రాళ్లు అతికే పని చేసే ఒకామె, పాతికేళ్లుంటాయి, గొంతు నొప్పికి వచ్చింది. చర్మం కింద టెస్ట్ డోస్ వేశాం. దద్దు రాలేదు. అసలు ఇంజెక్షన్ నేనే చేశాను. ఆమె బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. పది నిమిషాలకు ఫోన్ ఒళ్లో పెట్టేసి నా వైపు చూసింది.

"భయ్యా, మేరేకు కుచ్ హోరా" అంది. నాకేదో అవుతోందని.

దద్దుర్లు లేవు, దగ్గు లేదు. "ఏం కాదమ్మా" అన్నాను. ఈ వృత్తిలో నేను చెప్పిన అబద్ధాల్లో అన్నిటికన్నా తొందరగా బయటపడింది అదే. రెండు నిమిషాల్లో ఆమె పెదవులు ఉబ్బాయి, శ్వాస ఈల వేసింది, నాడి నా వేళ్ల కింద సన్నని దారమైంది.

డ్యూటీ డాక్టర్ కుర్రవాడు. "అలర్జీ ఇంజెక్షన్! స్టెరాయిడ్!" అని అరుస్తున్నాడు. నేను అల్మారా దగ్గర సీసాలు వెతుకుతున్నాను. మార్తమ్మ సిస్టర్ ఎవరినీ అడగలేదు. అడ్రినలిన్ తీసి, ఆమె తొడ బయటి వైపు కండలో సలవార్ మీద నుంచే పొడిచింది. తర్వాత ఆమెను పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టించింది. నాలుగైదు నిమిషాల్లో ఆ ఈల తగ్గింది.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ నాతో అంది: "మనిషి నాకేదో అయితుందన్నప్పుడు ఏం కాదనకు గిరీ. ఆ భయం ఉత్తది కాదు. దద్దు కంటె ముందు అదొస్తది ఒక్కోసారి."

కేక వేసేవాడు

లోపల జరిగేదేమిటో పాఠంలా కాకుండా చెబుతాను. చార్మినార్ చుట్టుపక్కల బజారులో ఎప్పుడైనా గడిపినవాళ్లకు తెలుసు: సాయంత్రం రద్దీలో ఎవడో ఒకడు కేక వేసి పరుగెత్తితే చాలు. ఎందుకని ఎవరూ అడగరు. రెండు నిమిషాల్లో షట్టర్లు దిగుతాయి, ఆటోలు ఉన్నచోటే వెనక్కి తిరుగుతాయి, గల్లీలో మనిషికి మనిషి దారివ్వడు. తీరా చూస్తే ఒక ఎద్దు బెదిరి ఉంటుంది.

మన ఒంట్లో ఆ కేక వేసేవాడు మాస్ట్ కణం. చర్మం కింద, శ్వాసనాళాల్లో, పేగుల్లో, రక్తనాళాల చుట్టూ, అంటే బయటివాళ్లు లోపలికొచ్చే దార్లన్నిట్లో కాపలా ఉంటాడు. వాడి సంచుల నిండా హిస్టమిన్. చెడ్డవాడు కాదు. పురుగు కుట్టినా, గాయమైనా, పేగులో నులిపురుగులు చేరినా ముందు లేచేది వాడే. వాడు కేక వేస్తేనే రక్తం అక్కడికి పరుగెత్తి వస్తుంది, ఆ చోటు ఎర్రబడి వాస్తుంది. వాపు రావడం కూడా వైద్యమే.

చిక్కెక్కడంటే, వాడి ఒంటి మీద ఐజీఇ అనే చిన్న చిన్న కొక్కేలు తగిలించి ఉంటాయి. ఏ పాపమూ ఎరగని వస్తువును శరీరం ఒకసారి శత్రువుగా రాసుకుంటే, దానికి సరిపడే కొక్కేలు తయారవుతాయి. మొదటిసారి ఏమీ కాదు. పదోసారీ కాకపోవచ్చు. ఒకరోజు ఆ వస్తువు వచ్చి రెండు కొక్కేలకు ఒకేసారి తగులుకుంటుంది. సంచులు తెగుతాయి. హిస్టమిన్ తగిలిన రక్తనాళాలు వెడల్పై కారుతాయి, అందుకే దద్దు, అందుకే బీపీ పడిపోవడం. శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. వాడు అక్కడితో ఆగడు. నిమిషాల మీద, గంటల మీద ఇంకా వేరే రసాయనాలు తయారుచేసి మిగతా కణాలను పిలుస్తాడు. తగ్గిందనుకున్న మనిషికి కొన్ని గంటల తర్వాత మళ్లీ రావడానికి అదొక కారణం.

మనం మింగే అలర్జీ గోలీ చేసేదల్లా దుకాణదారుల చెవుల్లో దూది పెట్టడం. కేక ఆగదు, కొందరికి వినపడదంతే. దురదకు, తుమ్ములకు, మామూలు దద్దుకు అది చాలు. గొంతు మూసుకుపోయేటప్పుడు చాలదు. స్టెరాయిడ్ పని మొదలుపెట్టేసరికి గంటలు పడుతుంది. కారుతున్న నాళాన్ని బిగించి, మూసుకున్న శ్వాసనాళాన్ని తెరిచి, కేక వేసేవాడి నోరు కూడా మూసేది అడ్రినలిన్ ఒక్కటే. ఇదంతా నాకు బాగా తెలుసు. ఇంత బాగా తెలిసినవాడు ఏం చేశాడో ఇప్పుడు చెబుతాను.

గోలీ వేసుకుని డ్యూటీకి

ఉద్యోగంలో పదో ఏట చేతులు దురద పెట్టడం మొదలైంది. సబ్బు అనుకున్నాను. తర్వాత గ్లోవ్స్ ఎక్కడ ఆగుతాయో సరిగ్గా అక్కడ మణికట్టుకు ఎర్రని గీత. గ్లోవ్స్ డబ్బా తెరిస్తే తుమ్ములు. అరటిపండు తింటే పెదవి చిమచిమలాడేది. అరటిపండుకు కూడా నేను నచ్చడం లేదని క్యాంటీన్లో జోకు వేశాను, అందరూ నవ్వారు. రబ్బరు పడనివాళ్లలో చాలామందికి అరటి, బొప్పాయి కూడా పడవని ఆ రాత్రే పుస్తకంలో చదివాను. ఆ జోకు మళ్లీ వేయలేదు.

రబ్బరు పాలలో ఉండే ప్రొటీన్ గ్లోవ్స్ లోపలి పౌడర్‌కు అంటుకుంటుంది. గ్లోవ్స్ లాగినప్పుడల్లా ఆ పౌడర్ గాలిలో లేస్తుంది. అంటే నేనొక్కడినే వేరే రకం తొడుక్కుంటే సరిపోదు. గదిలో అందరూ మానాలి. మా యజమానిని ఒకసారి డొంకతిరుగుడుగా అడిగి చూశాను, పౌడర్ లేని రకం తెప్పిస్తే బాగుంటుందేమో అని.

"ఏం గిరీ, చేతులు నాజూకయినయా? పెళ్లిచూపులు గిట్ల ఉన్నయా?" అన్నాడు.

నేనూ నవ్వాను. నవ్వడం నాకు బాగా వచ్చు. నిజం చెబితే ఇంజెక్షన్ గది పోతుంది. నర్సింగ్ హోంలో గ్లోవ్స్ లేని గది క్యాష్ కౌంటర్ ఒక్కటే. నాకు ఆ గది కావాలి. నేను బాగా చేసే పని ప్రపంచంలో అదొక్కటే. ఎంత ఏడ్చే పిల్లకైనా ఒక్క పోటులో నరం దొరకబుచ్చుకునేవాడిని.

అందుకని ఫుల్ హ్యాండ్స్ చొక్కా, పొద్దున ఇంటి దగ్గర జల్‌పల్లిలో బస్సెక్కే ముందు ఒక అలర్జీ గోలీ. దురద పోయింది. గీత పోయింది. తగ్గిందని నన్ను నేను నమ్మించుకున్నాను. లోపల వాడు కేకలు వేస్తూనే ఉన్నాడు. చెవుల్లో దూది పెట్టుకున్నది నేను. ఈ తప్పు బయటివాళ్లు చేయలేరు. దీనికి నర్సింగ్ చదివి ఉండాలి, మందుల అల్మారా తాళం చెవి దగ్గర ఉండాలి.

పగలంతా జోకులేసేవాణ్ణి. కానీ గ్లోవ్స్ తొడిగే ముందు ప్రతిసారీ గుటక మింగి చూసుకునేవాడిని, గొంతు పనిచేస్తోందా అని. ఎనిమిది నెలలు, రోజుకు ముప్పై నలభై సార్లు.

శిరీషకు నేను నేర్పినది

శిరీష అప్పుడే చదువు పూర్తి చేసి మా దగ్గర చేరింది. చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్కులో రాసుకునే పిల్ల. అంతకు రెండేళ్ల ముందు ఒక ముసలాయనకు రియాక్షన్ వస్తే నేను వెంటనే అడ్రినలిన్ ఇచ్చాను. బతికాడు. కానీ గుండె దడదడలాడి చేతులు వణకడం చూసి ఇంట్లోవాళ్లు లొల్లి చేశారు. డాక్టర్ వాళ్ల ముందే నన్ను తిట్టాడు: "నన్ను అడగకుంట ఎందుకిచ్చినవ్?"

ఆ తిట్టు లోపల ఎక్కడో పడి ఉండిపోయింది. రియాక్షన్ వస్తే ఏం చేయాలని శిరీష అడిగినప్పుడు నేను చెప్పింది ఇది: "ముందు అలర్జీ ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఇయ్యి. అడ్రినలిన్ మాత్రం డాక్టర్ చెప్తేనే. లేకపోతే మనకే ఫికర్."

ఆమె రాసుకుంది. మార్తమ్మ సిస్టర్ నాకు నేర్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు. ఎవరి ప్రాణానికి ఏది మంచిదో ఆలోచించి చెప్పిన మాట కాదు. నన్ను ఎవరూ తిట్టకుండా ఉండాలని చెప్పిన మాట. ప్రతి ఆసుపత్రిలోనూ ఇలాంటి నియమాలు నాలుగైదు ఉంటాయి. మీకు ఎవరైనా ఏదైనా నేర్పితే, అది రోగిని కాపాడేదా, నేర్పేవాణ్ణి కాపాడేదా అని ఒకసారి చూసుకోండి.

పాండురంగం సేఠ్ కాలు

పాండురంగం సేఠ్‌కు చార్మినార్ దగ్గర బట్టల హోల్‌సేల్ దుకాణం, మూడు తరాలది. షుగరుతో కాలికి పుండు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. ఆ మధ్యాహ్నం గ్లోవ్స్ కొత్త డబ్బా తెరిచాం. పిండిగిర్నీ తెరిచినట్టుంది. అప్పటికే పొద్దున రెండు గోలీలు వేసుకున్నాను. గుటక మింగి చూసుకున్నాను. పనిచేస్తోంది.

పుండు కడగడం అయింది. గాజ్ గుడ్డ పెడుతుండగా కడుపులో మెలి తిప్పింది. తర్వాత గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. చేతుల మీద దురద లేదు, దద్దు లేదు. ఎనిమిది నెలలుగా నన్ను హెచ్చరించే వాటినే నేను మింగి మాయం చేశాను కదా. దగ్గాను. ఆ దగ్గు గొంతు నాది కాదు.

"ఏంది కాంపౌండర్, నా కాలు జూసి నీకే కండ్లు తిరుగుతున్నయా?" అన్నాడు సేఠ్.

మంచి జోకు. నవ్వుదామని చూశాను. గాలి లోపలికి పోయే దారి ఈల వేసింది. ఆ ఈల నాకు తెలుసు. పదేళ్ల కింద బెంచీ మీద విన్నాను. అప్పుడు వచ్చింది భయం. ఎలా చెప్పాలి? ఏదో చెడు జరుగుతుందేమో అన్న అనుమానం కాదది. జరిగిపోయిందని ఒళ్లంతా ఒకేసారి తెలుసుకోవడం. ట్రాలీ పట్టుకుని కింద పడ్డాను. కత్తెరలు, దూది, గిన్నె నా మీద పడ్డాయి.

"అమ్మా! ఎవరన్న రాండ్రి! కాంపౌండర్ పడిపోయిండు!" సేఠ్ కేక.

శిరీష పరుగెత్తుకొచ్చింది. చేతులకు గ్లోవ్స్. అవే. ఆక్సిజన్ మాస్క్ పెట్టడానికి నా గడ్డం పట్టుకుంది. ఆ చెయ్యి విసిరికొట్టాను. ఫిట్స్ అనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది. నవ్వొచ్చే సంగతే, నాకు వాయిదా వేయక తప్పలేదు.

చివరికి ఆమె వేళ్ల దగ్గర గ్లోవ్ పట్టుకుని పీకాను. చూసింది. రెండోది తనే తీసి పారేసింది. తర్వాత అల్మారా తెరిచింది. అలర్జీ ఇంజెక్షన్ సీసా తీసింది. మూతి విరిచింది. సిరంజిలోకి లాగుతోంది. నేను నేర్పినట్టే, ఒక్క మెట్టు కూడా తప్పకుండా.

మాట రావడం లేదు. నా తొడ మీద నేనే గుద్దుకున్నాను.

"కాలు నొస్తుందా అన్నా?"

మళ్లీ గుద్దుకున్నాను. చుట్టూ గది అంచులు నల్లబడుతున్నాయి. ఆమె ట్రేలో ఉన్న అడ్రినలిన్ వైపు చూసింది. ఫోన్ తీసి డాక్టర్‌కు కలిపింది. స్పీకర్లో హారన్లు, "ట్రాఫిక్‌ల ఉన్న, చెప్పు" అన్న గొంతు, తర్వాత లైను తెగింది.

ఆమె నా మొహం వైపు చూసింది, అనుమతి కోసం. ఇవ్వడానికి నా దగ్గర గాలి లేదు.

"ఏమన్న అయితే నన్ను తిట్టు అన్నా" అంది. చేతిలోని సిరంజి పక్కన పడేసి, అడ్రినలిన్ వేరే సిరంజిలోకి తీసుకుని, నా ప్యాంటు మీద నుంచే తొడలోకి పొడిచింది. ఇంతవరకు నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో నా మాట వినని మొదటి మనిషి శిరీష. నేను ఇది రాయగలుగుతున్నది అందుకే.

కారణం అన్న గడి

కళ్లు తెరిచేసరికి నేను సేఠ్ పక్క మంచం మీద, కాళ్ల కింద రెండు దిండ్లు, చేతికి సెలైన్. గుండె మాత్రం డప్పు కొడుతోంది. మార్తమ్మ సిస్టర్ పై వార్డు నుంచి వచ్చి నా నాడి పట్టుకుని ఉంది. మాటలు వినపడుతున్నాయి.

డాక్టర్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "పొద్దున ఏం తిన్నవ్ గిరీ?"

"ఎగ్ పఫ్" అన్నాను. గొంతు గరగర.

"అదే అయ్యుంటది. ఫుడ్ అలర్జీ అని రాద్దాం. రేపటిదాక ఈడనే ఉండు, మళ్లొచ్చే ఛాన్స్ ఉంటది. సోమవారం డ్యూటీల చేరు."

ఎంత సులభం! కోడిగుడ్డు మీదికి తోసేస్తే గది నాది, కుర్చీ నాది. కొత్త డబ్బా మూత తెరిచి అక్కడే బల్ల మీద ఉంది. దాని వైపు చూడటానికి కూడా భయంగా ఉంది.

మార్తమ్మ సిస్టర్ శిరీష వైపు తిరిగింది. వాడకుండా పడేసిన సిరంజి ఆమె చేతిలో ఉంది. "ముందు ఇది ఎందుకు నింపినవ్? ఎన్ని నిమిషాలు పోయినయో తెలుసా? గట్ల చెయ్యాలని నీకెవరు చెప్పిండ్రు?"

శిరీష ఏడుస్తోంది. నా వైపు చూడలేదు. "నాదే తప్పు సిస్టర్" అంది.

"గా పిల్లనేమనకమ్మా" అన్నాడు సేఠ్ తన మంచం మీద నుంచి. "డ్రెస్సింగు సగంల ఉన్నదని నేను గూడ ఏమంటలేను."

నేను లేవబోయాను. సిస్టర్ ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపింది. "పండుకో. లేస్తే బీపీ పడిపోతది."

పడుకునే చెప్పాను. "నేనే చెప్పిన సిస్టర్. డాక్టర్‌ను అడగకుంట అడ్రినలిన్ ఇయ్యొద్దని నేనే నేర్పిన. ఎగ్ పఫ్ కాదు. గ్లోవ్స్. ఎనిమిది నెలల సంది గోలీలు వేసుకొని వస్తున్న."

మార్తమ్మ సిస్టర్ నన్ను తిడుతుందనుకున్నాను. నా మణికట్టు తిప్పి, గీత ఉండే చోటును వేలితో తడిమింది. "పిచ్చోడా" అంది, అంతే. డబ్బాకు మూత పెట్టి గది బయటికి తీసుకుపోయింది. డాక్టర్ ఆమె వెనకే వెళ్లాడు.

పదిహేను నిమిషాలకొకసారి నా నాడి, బీపీ రాయాలని శిరీషకు చెప్పారు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. మొహం కడుక్కుని వచ్చింది. ఉత్త చేతులు. మణికట్టు పట్టుకుని గడియారం చూసింది.

"నూట పద్దెనిమిది. భయమైతుందా అన్నా?"

జోకు కోసం వెతికాను. దొరకలేదు. "అయితుంది" అన్నాను.

ఆమె కేస్ షీట్ మోకాళ్ల మీద పెట్టుకుంది. పేరు రాసింది, వయసు రాసింది. కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"డాక్టర్ ఏం రాయాలనో చెప్పకుంటనే పోయిండు" అంది మెల్లగా. "రబ్బరు గ్లోవ్స్ అని రాస్తే ఈ గదిల మల్ల నిన్ను పెట్టరు కద?"

"పెట్టరు."

"మరి ఖాళీ ఉంచాల్నా?"

పక్క మంచం మీద సేఠ్ కళ్లు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు. గుటక మింగి చూసుకున్నాను. నొప్పిగా ఉంది, కానీ దిగింది.

"రాయి" అన్నాను.

ఆమె రాసింది. పెన్ను జేబులో పెట్టి మళ్లీ నా మణికట్టు పట్టుకుంది. ఈసారి నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది.

"తొంభై ఆరు" అంది. "తగ్గుతుంది."